ఓటీపీ చెప్పొద్దన్నాం, చెప్పలేదు, అయినా డబ్బు పోయింది. ఈ అవగాహన సభలు ఎలా పెడితే పనికొస్తాయి?

పల్నాడు_బ్యాంకాయన:
మాది నరసరావుపేట దగ్గర ఒక బ్యాంకు బ్రాంచి. డ్వాక్రా మీటింగుల్లో సైబర్ మోసాల గురించి చెప్పే పని నా నెత్తిన పడింది. బ్యానర్ కడతాం, పై ఆఫీసు పంపిన వీడియో వేస్తాం. "ఓటీపీ ఎవరికైనా చెప్తారా?" అని అడిగితే "చెప్పం!" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. ఫోటో తీసి పైకి పంపేస్తే మా పని అయిపోయినట్టే.

ఈమధ్య ఆ సంఘంలోదే ఒకావిడ పాస్‌బుక్ పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే నొక్కిందట. అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చింది. "ఒట్టు సార్, నేనెవరికీ ఓటీపీ చెప్పలేదు" అంటుంది. నిజంగానే చెప్పలేదు. ఆ యాపే మెసేజీలు చదివి అవతలికి పంపించేసింది. మా పాఠం ఆవిడ తు.చ. తప్పకుండా పాటించింది మరి!

సభల వల్ల నిజంగా అలవాట్లు మారిన చోటు ఎవరైనా చూశారా? పోస్టర్లు మాత్రం పంపకండి, గుట్టలుగా ఉన్నాయి.

సూర్యాపేట_టీచరమ్మ:
ఉపన్యాసం తగ్గించి ఫోన్లు బయటికి తీయించండి. సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని ఉంటుంది, అక్కడ వాట్సాప్‌కి ఆఫ్ చేయించండి. మీరు చేసి ఇవ్వకండి, వాళ్ల వేలితోనే చేయించండి.

సైబర్ మోసం జరిగితే ఫోన్ చేయాల్సిన 1930 నంబరు అందరూ విన్నదే, సేవ్ చేసుకున్నవాళ్లే తక్కువ. మా స్కూల్లో తల్లుల మీటింగ్‌లో దాన్ని "డబ్బు పోతే" అనే పేరుతో సేవ్ చేయించాం. "సైబర్ హెల్ప్‌లైన్" అని పెడితే ఆ కంగారులో ఎవరికి గుర్తొస్తుంది? డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఫోన్ చేస్తేనే ఆపే అవకాశం.

కూకట్‌పల్లి_కోడర్:
నేను కొంచెం అడ్డంగా మాట్లాడతా. "డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు" అని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు, జనం కొడుతూనే ఉన్నారు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో మనిషి మనిషికి పంపే కలెక్ట్ రిక్వెస్టులనే (డబ్బు పంపమని అడిగేవి, పిన్ కొడితే మన డబ్బే పోతుంది) యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది. ఆ దారి మూసుకుపోయింది. అన్నీ జనం నెత్తినే వేస్తే ఎలా?

మా ఆఫీసులో ఉత్తుత్తి మోసపు మెయిల్ పంపి పరీక్ష పెడతారు. నొక్కినవాళ్ల పేర్లు మేనేజర్‌కి వెళ్తాయి. దాంతో నిజంగా నొక్కినా ఇప్పుడు ఎవడూ నోరు విప్పడు.

పెన్షన్_మాస్టారు:
పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి కదలనివ్వకుండా డబ్బు గుంజే ఈ డిజిటల్ అరెస్టు అనేదే చట్టంలో లేదని 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో ప్రధానే చెప్పారు. మా బావగారు అది విన్నారు, మాకూ చెప్పారు. ఆయనే తర్వాత తలుపు గడియ పెట్టుకుని వీడియో కాల్ ముందు కూర్చున్నారు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని మరీ! అక్కయ్య తలుపు బాది "ఎవరితోనండీ ఇంతసేపు?" అని గట్టిగా అరిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు. భయం పట్టుకున్నాక తెలిసిన సంగతులేవీ గుర్తుండవు బాబూ. "ఇంట్లో వాళ్లకి చెప్పొద్దు" అని ఎవడన్నా అన్నాడంటే కాల్ కట్ చేసెయ్యమనండి. ఆ ఒక్క ముక్కే పదిసార్లు చెప్పండి.

పల్నాడు_బ్యాంకాయన:
మాస్టారూ, ఎఫ్‌డీ మధ్యలో తీసేస్తామని పెద్దవాళ్లు హడావుడిగా వస్తే "ఇంట్లో చెప్పారా అండీ?" అని కౌంటర్లో అడగమని మావాళ్లకి చెప్తాను. కోడర్ గారూ, మీరన్నది నిజమే, కానీ ఆ మీటలు మా బ్రాంచి చేతిలో లేవు.

టీచరమ్మ గారూ, మీరు చెప్పిన సెట్టింగ్ ఒక్కో ఫోన్లో ఒక్కోచోట ఉంటోంది. రెడ్‌మీ, వివోలలో ఎక్కడుందో స్క్రీన్‌షాట్లుంటే పెట్టగలరా? శుక్రవారం మీటింగ్ ఉంది.