త్రో నుంచి గోల్ పడితే రెఫరీని తిట్టొచ్చా?

చిత్రావతి11
పోయిన ఆదివారం మా ఊరి ఫుట్‌బాల్ టోర్నమెంటు క్వార్టర్ ఫైనల్లో ఏం జరిగిందో అనంతపురం చుట్టుపక్కల ఆడేవాళ్లలో సగం మందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెప్తా. స్కోరు 1–1, ఇంకా ఎనిమిది నిమిషాలుంది. వేపచెట్టు వైపు నుంచి లోకల్ టీమ్ పిల్లోడు, గీత దాటిపోయిన బంతిని చేత్తో లోపలికి విసురుతూ, పొడుగ్గా త్రో వేశాడు. డిఫెండర్ల వెనకాల ఒక్కడే నిలబడ్డ స్ట్రైకర్‌కి బంతి దొరికింది, గోల్. రెఫరీ గోల్ ఇచ్చి సెంటర్ వైపు చెయ్యి చూపించాడో లేదో నలభై యాభై మంది సున్నం గీత దాటి లోపలికొచ్చేశారు. వాళ్లను బయటికి పంపడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆట అయిపోయేదాకా తిట్లే. రెఫరీ డిగ్రీ రెండో సంవత్సరం, పందొమ్మిదేళ్లు. ఆఖరి విజిల్ ఊది, ఆ విజిల్‌ను నిర్వాహకుల టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. సెమీస్‌కి రానంటున్నాడు.

నేను అడిగేది ఒకటే. లోపల ఆడేవాడు నోరు జారితే కార్డు ఉంది. గీత బయట నిలబడి తిట్టేవాడికి ఏమీ లేదా? వాళ్ల టీమ్‌కి శిక్ష వేస్తే తప్పేంటి?

నంబర్‌ఫోర్
ఓడిన టీమ్ మాదే, దాచుకునేదేం లేదు. నేను అక్కడే ఉన్నా. అది పక్కా ఆఫ్‌సైడ్, బంతి వచ్చేటప్పటికే వాడు మా డిఫెండర్లందరినీ దాటి గోల్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక గజం రెండు గజాలైతే పోనీలే అనుకోవచ్చు, వాడి చుట్టూ ఆటో తిప్పుకునేంత ఖాళీ ఉంది. దీనికి కూడా అరవకపోతే ఇంక దేనికి అరవాలి?

బయటిబెంచ్
త్రోకి ఆఫ్‌సైడ్ ఉండదు కదప్పా. గోల్ కిక్‌కీ ఉండదు, కార్నర్‌కీ ఉండదు.

నంబర్‌ఫోర్
ఆ మాత్రం తెలియకుండానే పదహారేళ్లు ఆడినానా? త్రో నేరుగా అందితే ఉండదు. ఇక్కడ మధ్యలో వాళ్ల ఎనిమిదో నంబర్ తలకి తగిలింది. సొంత టీమ్ వాడికి తగిలితే లెక్క అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది, ఆ క్షణంలో స్ట్రైకర్ ఎక్కడున్నాడో చూడాలి. చూశాడా? చూడలేదు. ఎందుకంటే రెఫరీ సెంటర్ సర్కిల్లో ఉన్నాడు.

బయటిబెంచ్
తగల్లేదు.

నంబర్‌ఫోర్
తగిలింది. జుట్టు కదిలింది, నా కళ్లతో చూసినా.

బయటిబెంచ్
మన జిల్లాలో గాలిమరలు ఊరికే పెట్టారా అన్నా, ఆ గాలికి ఎవరి జుట్టు కదలదు?

చిత్రావతి11
తగిలిందా లేదా అన్నది కాదు నేను అడిగింది. తగిలిందే అనుకుందాం. అయితే తిట్టొచ్చా? ఆటలో జరిగినదాని మీద రెఫరీ నిర్ణయమే ఫైనల్ అని ఐదో రూల్లోనే ఉంది. మీకు నచ్చితేనే ఫైనల్ అని లేదు.

పాతవిజిల్
ఇరవై రెండేళ్లు ఈ జిల్లాలో విజిల్ ఊదినా, మోకాలు పోయి మానేసినా. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

మన మ్యాచ్‌ల్లో లైన్స్‌మన్ అంటే ఎవరు? బెంచి మీద ఖాళీగా ఉన్న సబ్‌స్టిట్యూట్ చేతికి ఎర్రగుడ్డ కట్టిన పుల్ల ఇస్తాం. వాడు తన టీమ్ మీద జెండా ఎత్తడు. అంటే రెఫరీ ఒక్కడే. నాలుగున్నరకి ఎండ ఎదురుగా కొడుతుంటుంది, గరుసు నేల మీద దుమ్ము లేస్తుంటుంది, బంతి మనకంటే యాభై అడుగుల ముందుంటుంది. పోస్టులకి నెట్ కూడా ఉండదు, బంతి లోపల నుంచి పోయిందా పక్క నుంచి పోయిందా అన్నది గోల్‌కీపర్ మొహం చూసి చెప్పాల్సిన రోజులున్నాయి. పెద్ద లీగుల్లో పది పదిహేను కెమెరాలు పెట్టుకొని కూడా కొట్టుకుంటున్నారు.

ఒకసారి నీళ్ల ప్యాకెట్ వచ్చి వీపుకి తగిలింది. దెబ్బ ఏం కాదు. నవ్వులు వినిపించినాయి, నేను తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే ఇంకా తడిగానే ఉంది. ఆ చల్లదనం మాత్రం ఇన్నేళ్లయినా గుర్తుంది.

రూల్ సంగతికొస్తే, 2019 నుంచి బెంచి మీద కూర్చున్న కోచ్‌కి కూడా కార్డు చూపించొచ్చు. ప్రేక్షకుడికి మాత్రం చూపించలేం. ఆట ఆపొచ్చు, మరీ మితిమీరితే రద్దు చేయొచ్చు. ఇంగ్లండ్‌లో కింది స్థాయి మ్యాచ్‌ల్లో రెఫరీతో వాదిస్తే పది నిమిషాలు బయట కూర్చోబెడతారు. ముందు 31 లీగుల్లో పెట్టి చూస్తే వాదనలు 38 శాతం తగ్గినాయి, 2019–20 నుంచి అంతటా పెట్టినారు. అది కూడా ఆటగాళ్లకే.

తిట్లే కదా అనుకోకండి. నెదర్లాండ్స్‌లో 2012 డిసెంబర్లో పిల్లల మ్యాచ్‌కి జెండా పట్టుకున్న ఒక తండ్రిని ఆటగాళ్లు కొడితే మరుసటి రోజు చనిపోయినాడు. ఆ వారం దేశంలో అమెచ్యూర్ మ్యాచ్‌లన్నీ ఆపేసినారు.

కదిరిమల్లె
పాతవిజిల్ అన్నా, నీ మాట కాదనను గానీ అరుపుల్లేని ఫుట్‌బాల్ ఏం ఫుట్‌బాల్? 1962 ఏషియన్ గేమ్స్ ఫైనల్, జకార్తా. స్టేడియం నిండా మన టీమ్‌ను గేలి చేసేవాళ్లే. మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ తయారుచేసిన టీమ్ ఆ గోలలోనే కొరియాను 2–1తో కొట్టింది. తట్టుకునేవాడే ఆటలో ఉండాలి.

బయటిబెంచ్
వాళ్లు పదకొండు మంది, వెనకాల కోచ్ ఉన్నాడు. ఇక్కడ ఒక్కడు, వాడికిచ్చేది మూడొందలు. ఏం పోలిక సామీ?

కదిరిమల్లె
మూడొందలు తీసుకున్నాక పని సరిగ్గా చేయాలి.

బయటిబెంచ్
మ్యాచ్ అయ్యాక నలుగురు ఉగ్గాని బజ్జీ తింటే అయిపోయే డబ్బులకి ప్రాణాలు పెట్టి పరిగెత్తాలా!

నంబర్‌ఫోర్
అందరూ నీతులు చెప్తున్నారు బాగుంది. చిత్రావతి11 గారూ, మిమ్మల్ని సూటిగా ఒక మాట అడుగుతా. ఆ రెఫరీ మీకు ఏమవుతాడు?

చిత్రావతి11
మా చిన్నాన్న కొడుకు. అయితే?

నంబర్‌ఫోర్
అయితే ఏముంది, ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మీ ఊరి గ్రౌండు, మీ ఊరి టోర్నమెంటు, మీ ఊరి టీమ్, విజిల్ కూడా మీ ఇంట్లోదే! పోయినేడు సెమీస్‌లో మా వాడి కాలు పట్టి లాగితే పెనాల్టీ ఇవ్వలేదు, అప్పుడు రెఫరీ మీ టీమ్ గోల్‌కీపర్ బావమరిది. నేను ఎవరికి చెప్పుకోవాలి? అప్పీల్ రాసి ఇస్తామంటే టేబుల్ దగ్గర కూర్చున్నాయన "తాలూకాఫీసు అనుకున్నావా" అని నవ్వినాడు. పక్క ఊరు నుంచి ముప్పై మంది ట్రాక్టర్లో వచ్చి, ఎంట్రీ ఫీజు కట్టి, మీ గ్రౌండ్‌లో మీ రెఫరీ కింద ఆడినాం. మాకు కమిటీ లేదు, వీడియో లేదు. అరుపే మా అప్పీలు.

చిత్రావతి11
మీకు అరవడానికి కారణం ఉందనే ఒప్పుకుంటా. కానీ జనవరిలో ప్రతి ఊరికీ ఫోన్ చేసి ఒక రెఫరీని పంపండి అన్నాం. మీ ఊరికి కూడా చేసినాం. "ఆదివారం పూట ఎవరొస్తారన్నా" అన్నది ఎవరో మీకే తెలుసు. ఎవరూ రాకపోతేనే మావాణ్ని బతిమాలి దింపినాం.

ఇంకోటి. మీరు అరుపు అరుపు అంటున్నారు. ఆఫ్‌సైడ్ అని అరిచినవాళ్లను నేనేమైనా అన్నానా? రెఫరీ వాళ్లమ్మను పట్టుకొని ఒకాయన అన్న మాట ఉంది, ఇక్కడ రాయలేను. అది అన్నప్పుడు గీత పక్కన సున్నం బకెట్ పట్టుకొని నిలబడ్డ పెద్దాయన ఎవరనుకున్నారు? పొద్దున ఐదింటికి లేచి మీ అందరి కోసం ఆ గీతలు గీసిన మనిషి. ఆ రెఫరీ నాన్న. ఆయన ఏమీ అనలేదు. బకెట్ కింద పెట్టి టవల్‌తో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయినాడు, సున్నం పోయినాక కూడా.

కదిరిమల్లె
ఇది తెలియదు నాకు. ఆ మాట అన్నది తప్పే.

పాతవిజిల్
ఇందాకటి నుంచి మీరిద్దరూ వేర్వేరు కేసులు వాదించుకుంటున్నారు. చిత్రావతి11 తిట్టు గురించి మాట్లాడుతున్నాడు, నంబర్‌ఫోర్ రెఫరీని ఎవరు పెట్టినారు అంటున్నాడు. రెండోది తేలేదాకా మొదటిది ఆగదు. నా రోజుల్లో నేను చేసింది చెప్తా. సొంత ఊరి మ్యాచ్‌కి ఎంత అడిగినా విజిల్ పట్టలేదు, తిట్టుకున్నా సరే అనుకున్నా. సెమీస్‌కి ఓడిపోయిన నాలుగు టీమ్‌లూ తలా ఒకణ్ని పంపండి, మ్యాచ్ ఆడే రెండు ఊళ్లకీ చెందనివాడే విజిల్ పట్టాలి, జెండాలు కూడా అంతే. బస్ చార్జీ, భోజనం ఎంట్రీ ఫీజులోంచి ఇవ్వండి. గీతకి పదడుగులు వెనక తాడు కట్టండి. తాడు దాటితే ఆట ఆగుతుంది, రెండోసారి దాటితే వాళ్ల కెప్టెన్ పోయి చెప్పుకోవాలి.

చిత్రావతి11
తాడు మా ఇంట్లోనే ఉంది, బావిది. నిర్వాహకులతో నేను మాట్లాడతా.

నంబర్‌ఫోర్
మా ఊరి నుంచి జెండాకి ఒకణ్ని పంపుతాం, చార్జీ మేమే పెట్టుకుంటాం. ఆ మాట అన్నవాడు ఎవరో నాకు తెలుసు, ఆదివారం తీసుకొచ్చి ఆ పెద్దాయన ముందు నిలబెడతా. రానంటే ఇంక మా టీమ్ వెనక ట్రాక్టర్ ఎక్కనివ్వను.

తల సంగతి కూడా వదిలేస్తా, తగల్లేదే అనుకుందాం. కానీ ఆ త్రో వేసేటప్పుడు వాడి వెనక కాలు పూర్తిగా గాల్లో ఉంది. రెండు కాళ్లూ నేలకి ఆనాలి. ఫౌల్ త్రో అది. ఎవరి దగ్గరైనా వీడియో ఉంటే పెట్టండి.

బయటిబెంచ్
పడుకో అన్నా, ఒంటిగంటైంది.