సింగపూరా, మారిషసా? మామూలు మనిషికి ఏ దేశపు పాలన మేలు? (ఈ చర్చలో అందరూ కలం పేర్లతో రాశారు.)

కోరంగి రేవు:

మన రెండు రాష్ట్రాల్లో మంచి పాలన అనగానే పెద్దల నోట వచ్చే పేరు సింగపూరు. అమరావతి ప్రణాళిక గీయడానికి అక్కడి సంస్థలనే పిలిచాం. అక్కడ అంకుర ప్రాంతం (స్టార్టప్ ఏరియా) కట్టే ఒప్పందం 2019లో రద్దయినా ఆ పేరు మీద మోజు తగ్గలేదు. ఆ దేశం సాధించినదాన్ని నేనూ గౌరవిస్తాను. అయితే మరో చిన్న ద్వీపాన్ని దాని సరసన నిలిపి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అది మారిషస్. మా గోదావరి తీరంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కి, చెరకు తోటల్లో కూలికి కుదిరిన వాళ్ల మునిమనవలు ఇవాళ అక్కడ పౌరులు. ఉగాది ఆ దేశమంతటికీ సెలవు రోజు.

రెండూ బ్రిటిష్ వాళ్ల కింద నలిగిన దీవులే. సింగపూరు 1965లో, మారిషస్ 1968లో స్వతంత్రమయ్యాయి. ఇవాళ సింగపూరు తలసరి ఆదాయం మారిషస్ కంటే సుమారు 7 రెట్లు. ఇక్కడితోనే చర్చ అయిపోయిందనుకునే వాళ్లు ఉంటారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

అంత తక్కువ ఆదాయంతోనే మారిషస్ ఏం చేసిందో చూడండి. ఉద్యోగం చేసినా చేయకపోయినా, ఉన్నవాడైనా లేనివాడైనా, ముసలితనంలో ప్రతి పౌరుడికీ పింఛను ఇస్తోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సకు డబ్బు కట్టనక్కర్లేదు. విద్యార్థులకూ వృద్ధులకూ 2005 నుంచి బస్సు ఉచితం. సింగపూరులో అందరికీ వర్తించే పింఛను లేదు. మీ జీతంలోంచి, యజమాని వాటాలోంచి కూడబెట్టిన సీపీఎఫ్ (భవిష్య నిధి) సొమ్మే మీ ముసలితనానికి ప్రధానమైన ఆధారం. తక్కువ జీతంతో బతికినవాడికి ఆ ఆధారం కూడా పల్చగానే ఉంటుంది.

ఇక ఓటు. మారిషస్ ప్రజలు 1982, 1995, 2000, 2005, 2014, 2024 ఎన్నికల్లో అధికారంలో ఉన్నవాళ్లను దించేశారు. సింగపూరును 1959 నుంచి ఒకే పార్టీ ఏలుతోంది. నచ్చని ప్రభుత్వాన్ని ఇంటికి పంపగలగడం కూడా జీవన ప్రమాణంలో భాగమేనని నా అభిప్రాయం. తిండి, ఇల్లు, వైద్యంతో పాటు దాన్నీ లెక్కలో వేయాలి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

తూర్పు గాలి:

కోరంగి రేవు గారూ, నేను పద్నాలుగేళ్లుగా సింగపూరులో ఉంటున్నాను. మీరు ఇంటి సంగతి ఒక్క మాటలో దాటేశారు. అసలు కథ అక్కడే ఉంది.

1961 మేలో బుకిత్ హో స్వీ అనే మురికివాడ తగలబడి సుమారు 16 వేల మంది వీధిన పడ్డారు. తాటాకుల కప్పులు, రేకుల గోడలు, ఇరుకు సందులు. అంతకు ముందు ఏడాదే పుట్టిన గృహనిర్మాణ మండలి, హెచ్‌డీబీ, కాలిన ఆ నేల మీదే ఫ్లాట్లు కట్టడం మొదలుపెట్టింది. 1968 నుంచి సీపీఎఫ్ పొదుపుతో ఆ ఫ్లాటు కొనుక్కునే వీలు కల్పించారు. ఇవాళ పౌరుల్లోనూ శాశ్వత నివాసుల్లోనూ ప్రతి పదిమందిలో సుమారు ఎనిమిది మంది ఆ ఇళ్లలోనే ఉంటున్నారు, అందులో అత్యధికులు సొంతదారులు. మా పై అంతస్తులో టాక్సీ నడిపే పెద్దాయన ఉంటాడు, కింది అంతస్తులో కళాశాల అధ్యాపకురాలు. లిఫ్టు ఒకటే, కింద అంగడి ఒకటే. ప్రభుత్వం దానంతట అదే ప్రతి పేటలో ఇలా కలిసి ఉండేలా చూసింది. మీరు చెప్పిన పింఛను నెలకోసారి వస్తుంది. ఇల్లు రోజూ ఉంటుంది.

అవినీతి సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి అవినీతి నిరోధక సంస్థ 1952 నాటిది. మంత్రిగా ఉన్న ఈశ్వరన్‌నే విచారించి కోర్టుకు ఈడ్చారు. 2024 అక్టోబరులో ఆయనకు 12 నెలల జైలు పడింది. కోట్ల ముడుపులు మింగినట్టు కాదు, ఎక్కువగా ఖరీదైన కానుకలు పుచ్చుకున్నందుకు. ఇక మారిషస్‌లో ప్రభుత్వాలు మారాయన్నారు. నిజమే, మరి ఇంటిపేర్లు మారాయా? శివసాగర్ రామ్‌గులాం, ఆయన కొడుకు నవీన్. అనిరుధ్ జగన్నాథ్, ఆయన కొడుకు ప్రవింద్. మధ్యలో 2003 నుంచి 2005 దాకా ప్రధానిగా ఉన్న పాల్ బెరాంజే ఒక్కరే ఆ రెండు కుటుంబాల బయటివారు. పైగా 1972లో జరగాల్సిన ఎన్నికలను వాయిదా వేసి 1976లో పెట్టిన దేశం అది.

ఆయుర్దాయం కూడా చూడండి. సింగపూరులో సుమారు 83 ఏళ్లు. మారిషస్ దానికి చాలా వెనుక ఉంది. ఓటు లెక్కలో వేయమన్నారు సరే, ఈ ఏళ్లను కూడా వేయండి.

కోరంగి రేవు:

ఇంటి విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అంత పెద్ద పని అంత తక్కువ కాలంలో చేసిన దేశం నాకు తెలిసి మరొకటి లేదు. కానీ "సొంతదారు" అన్న మాట కొంచెం ఆగి చూడాలి. ఆ ఫ్లాటు 99 ఏళ్ల లీజు. గడువు ముగిస్తే ఇల్లు పైసా పరిహారం లేకుండా ప్రభుత్వానికి వెళ్లిపోతుంది. తొలినాళ్లలో కొన్న వాళ్ల పిల్లలకు ఆ గుబులు ఇప్పటికే మొదలైంది.

ఇంటిపేర్ల మాటకు వస్తే లీ క్వాన్ యూ, లీ సీన్ లూంగ్ కూడా తండ్రీకొడుకులే కదా. ఇద్దరూ కలిసి 51 ఏళ్లు ప్రధానులుగా ఉన్నారు. తేడా ఒక్కటే: మారిషస్‌లో ఆ కుటుంబాలను జనం గద్దె దించారు, మళ్లీ ఎక్కించారు, మళ్లీ దించారు. 2024 నవంబరులో ఏం జరిగిందో గుర్తుందా? పెద్దల ఫోను సంభాషణలు బయటపడేసరికి ప్రభుత్వం ఎన్నికలకు పదిరోజుల ముందు సామాజిక మాధ్యమాలను ఆపేసింది. గోల లేవడంతో ఒక్కరోజులోనే వెనక్కి తగ్గింది. ఆ ఎన్నికల్లో ప్రధాన ద్వీపంలోని ఒక్క స్థానం కూడా అధికార కూటమికి దక్కలేదు. తప్పు చేసిన ప్రభుత్వానికి పది రోజుల్లో అంత సూటిగా సమాధానం చెప్పగలిగిన ప్రజలు ఎందరున్నారు?

నల్లమల:

చదువుతూ ఊరుకోలేక రాస్తున్నాను. ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. మారిషస్‌లో క్రియోల్ జనం, అంటే ఎక్కువగా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ల సంతతి, ఈ మేలైన పాలనలో ఎక్కడున్నారు? 1999 ఫిబ్రవరిలో కయా అనే గాయకుడు పోలీసు నిర్బంధంలో చనిపోతే దేశమంతా రగిలింది. ఆ కోపం ఒక్క చావు వల్ల పుట్టింది కాదు. చదువుల్లో, ఉద్యోగాల్లో, భూమిలో తమ వంతు రాలేదన్న బాధ దశాబ్దాలుగా గూడుకట్టుకుని ఉంది. ఓటు వేసే హక్కు వాళ్లకూ ఉంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా వాళ్ల బతుకులు ఎంత మారాయో చెప్పండి. మన తెలుగువాళ్లు బాగున్నారన్న సంతోషంలో ఈ ప్రశ్న మరిచిపోకూడదు.

తూర్పు గాలి:

నల్లమల గారు మంచి ప్రశ్న వేశారు. ఇదే కొలతతో సింగపూరును కూడా కొలవాలి, నేను దాటవేయను. 1989 నుంచి ప్రతి హెచ్‌డీబీ భవనంలోనూ చైనీయులు, మలయ్‌లు, భారతీయులు ఇంతమందే ఉండాలన్న పరిమితి ఉంది. జాతుల వారీ పేటలు ఏర్పడకుండా ఆపిందది. అదే పరిమితి వల్ల భారతీయ కుటుంబం ఇల్లు అమ్ముకోవాలంటే కొనేవాళ్లు దొరకడం కష్టమవుతుంది, ధర తగ్గించుకోవాల్సి వస్తుంది. 2023లో తర్మన్ షణ్ముగరత్నం 70 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యారు. చైనీయులు నాలుగింట మూడొంతులున్న దేశంలో తమిళ మూలాలున్న మనిషికి అన్ని ఓట్లు రావడం చిన్న విషయం కాదని నేను నమ్ముతాను.

భాష విషయంలో మాత్రం నా మనసులో కొరత ఉంది. తమిళం ఇక్కడ అధికార భాష. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా బడిలో మాతృభాష పరీక్షకు తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. మా అబ్బాయి హిందీ చదువుకున్నాడు. వాళ్ల తాతయ్య ఉత్తరం రాస్తే నేనే చదివి వినిపించాలి.

కోరంగి రేవు:

మారిషస్‌లో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో తెలుగు చెబుతారు. మహాత్మా గాంధీ సంస్థలో పై చదువుల దాకా ఉంది. ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు తగ్గిపోయి క్రియోల్ భాషే మిగిలిన మాట నిజమే. అయినా సింహాద్రి అప్పన్న పూజలు, రామభజనలు నిలిచాయి.

నల్లమల గారూ, మీరన్నది నన్ను గుచ్చింది. భూమి సంగతి మరీ నిజం. పెద్ద చెరకు ఎస్టేట్లు చాలావరకు ఫ్రెంచి మూలాలున్న కొద్ది కుటుంబాల చేతిలోనే ఉండిపోయాయి, ఏ ప్రభుత్వమూ వాటి జోలికి గట్టిగా వెళ్లలేదు. పింఛను మీద కూడా నా ధీమా కొంత తగ్గించుకోవాలి. అర్హత వయసును 60 నుంచి 65కు దశలవారీగా పెంచుతామని 2025 జూన్ బడ్జెట్‌లో ప్రకటించారు, జనం వీధుల్లోకి వచ్చారు. యూరప్ చాలా ఏళ్లు ప్రపంచ ధరను మించి వాళ్ల చక్కెర కొనింది. 1970 తర్వాత ఎగుమతుల కోసం బట్టల కర్మాగారాలు వచ్చి ఆడవాళ్లకు జీతాలు తెచ్చాయి. ఆ రోజుల ఆదాయం మీద లేచిన సంక్షేమాన్ని, ముసలివాళ్లు పెరిగిపోతున్న ఈ రోజుల్లో మోయడం తేలిక కాదు.

మంజీర:

అందరూ పౌరుల గురించే మాట్లాడుతున్నారు. మా తమ్ముడు సింగపూరులో ఓడలు బాగుచేసే చోట వెల్డింగు పని చేశాడు. పౌరుడు కాదు, వర్క్ పర్మిట్ మీద వెళ్లినవాడు. భార్యను తీసుకెళ్లే వీలు లేదు. ఎన్నేళ్లు చేసినా అక్కడ ఉండిపోయే దారి లేదు. పనికి లారీ వెనుక కూర్చోబెట్టి తీసుకెళ్లేవాళ్లు. 2020లో కరోనా వచ్చినప్పుడు డార్మిటరీ తలుపులు మూసేశారు. ఆ ఏడాది సింగపూరులో నమోదైన కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా ఆ డార్మిటరీల్లోనివే. గదికి పన్నెండు మంది. నెలల తరబడి వాడు రాత్రి పూట ఫోను చేసి, కిటికీలోంచి కనిపించే రోడ్డు గురించి చెప్పేవాడు.

తలసరి ఆదాయంలో, ఆయుర్దాయంలో, సొంతిళ్ల శాతంలో వాడు ఎక్కడ కనిపిస్తాడో చెప్పండి. కోరంగి రేవు గారూ, మీ మారిషస్‌ను కూడా అడుగుతున్నాను. అక్కడి బట్టల కర్మాగారాల్లో కుట్టేది బంగ్లాదేశ్ నుంచి పర్మిట్ల మీద వచ్చిన వాళ్లే అని విన్నాను. నిజమేనా?

కోరంగి రేవు:

నిజమేనండి. వాళ్లు కూడా డార్మిటరీల్లోనే ఉంటారు. పర్మిట్ అయిపోగానే వెనక్కి వెళ్లాలి.

పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు మారిషస్ వచ్చారు, ఆ రేవు మెట్లు వాళ్ల రాకకు గుర్తుగా నిలిచాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మనవాళ్లు అక్కడికి వెళ్లి మెట్లకు దండం పెట్టి వస్తారు. ఆ కూలీలకు గడువు తీరాక అక్కడే ఉండిపోయే దారి దొరికింది, అందుకే ఇవాళ ఉగాదికి సెలవు ఉంది. ఇప్పటి బంగ్లాదేశ్ మనిషికి ఆ దారి లేదు. ఓటును జీవన ప్రమాణంలో కలపాలని నేనే అన్నాను. ఓటు ఉన్నవాళ్లు ఓటు లేనివాళ్ల కోసం ఆరుసార్లలో ఒక్కసారైనా ప్రభుత్వాన్ని దించారా అంటే, లేదు.

తూర్పు గాలి:

మంజీర గారూ, మేం ఆదివారాల్లో లిటిల్ ఇండియాలో మీ తమ్ముడి లాంటి వాళ్లతో కలిసే కూరగాయలు కొంటాం. ఇంతకాలం నేను వేసిన లెక్కలో వాళ్లు లేరు. ఆయన ఇప్పుడెలా ఉన్నారు? తిరిగి వచ్చేశారా?

మంజీర:

వచ్చాడు. 2021లో పనిలో కుడిచేతి వేళ్లు రెండు నలిగాయి. యజమాని మొదట తప్పించుకోవాలని చూశాడు, కానీ పనిలో గాయపడితే విదేశీ కార్మికుడికి కూడా పరిహారం ఇచ్చే చట్టం ఉంది అక్కడ. లాయరు లేకుండానే, ఎవరి కాళ్లూ పట్టుకోకుండానే, ఆ సొమ్ము చేతికి అందింది. ఆ డబ్బుతోనే మా ఇంటి పైకప్పు వేశాం. ఇక్కడ మేస్త్రీ కింద పనిచేసి ఉంటే మాకు ఏమీ వచ్చేది కాదని మా నాన్న అంటాడు. ఆయన మాట నేను కాదనలేను.

రెండేళ్లు ఊళ్లో ఉన్నాడు, పని దొరకలేదు. కిందటి ఏడాది మళ్లీ అక్కడికే వెళ్లాడు, ఈసారి వేరే యజమాని దగ్గరికి. డార్మిటరీ గదిలో ఇప్పుడు జనం తగ్గారట. లారీ మాత్రం అదే. తన కూతురు ఒకటో తరగతిలో చేరింది. నాన్నను బడి దగ్గరికి ఎప్పుడు తీసుకొస్తావని నన్ను అడుగుతోంది, వాడి పర్మిట్ ముగియడానికి ఇంకా పదకొండు నెలలుంది.