ఎడారిలో చనిపోయిన వలసదారుల కోసం శిలువ పట్టుకుని నడవడం సంఘం పనేనా?

ఫీనిక్స్ నుంచి:
అందరికీ వందనాలు. మెక్సికోలోని ససాబే నుంచి అరిజోనాలోని టూసన్ వరకు ఏటా మే నెలాఖరులో మైగ్రెంట్ ట్రెయిల్ అని ఒక పాదయాత్ర జరుగుతుంది. 2004లో మొదలైంది. 75 మైళ్లు, ఏడు రోజులు. ఎడారి దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లు రాసిన తెల్ల చెక్క శిలువలు పట్టుకుని నడుస్తారు. అందరూ క్రైస్తవులే కాదు గానీ, చర్చిల నుంచి వచ్చేవాళ్లు చాలామందే. మా తెలుగు ప్రార్థన కూటంలో "ఈసారి మనమూ వెళ్దాం" అన్నాను. సగం మంది ముఖం తిప్పుకున్నారు. అక్రమ వలసను వెనకేసుకు రావడమేనట. మీరేమంటారు?

డాలస్ నుంచి:
అన్నా, నేనూ ఆ సగం మందిలోనే ఉంటాను. పన్నెండేళ్లుగా గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాను. ఏ దేశానికీ ఏడు శాతం మించి ఇవ్వరు కాబట్టి మనవాళ్లకి ఈ గతి. నాన్న పోయినప్పుడు తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరకదేమోనన్న భయంతో ఇండియా వెళ్లలేకపోయాను. గోడ దాటి వచ్చినవాళ్ల కోసం నడుస్తారు, నా కోసం ఎవరు నడిచారు? పై అధికారులకు లోబడి ఉండమని రోమీయులకు 13లో ఉంది కదా. పైగా వెనకాల నీళ్ల బండి, భోజనాల బండి పెట్టుకుని నడిస్తే వాళ్ల కష్టం మనకెలా తెలుస్తుంది?

ఫీనిక్స్ నుంచి:
తమ్ముడూ, నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. నీకు జరిగింది అన్యాయమే. కానీ నీ క్యూ ఆగింది ఆ ఎడారిలో పడిపోయినవాళ్ల వల్ల కాదు.

పోయిన ఏడాది చివరి రోజు, టూసన్ ఊళ్లోకి వచ్చే కొన్ని మైళ్లు నేనూ కలిశాను. నా చేతికిచ్చిన శిలువ మీద పేరు లేదు. స్పానిష్‌లో "దెస్కొనొసీదో" అని ఉంది, అంటే ఎవరో తెలియదు. నడుస్తూ ఒక్కో పేరూ పిలుస్తారు, అందరూ "ప్రెసెంతే" అంటారు, ఇక్కడే ఉన్నాడని. నా శిలువ వంతు వచ్చినప్పుడు నా గొంతు పెగల్లేదు. ఎక్కడో ఒక తల్లి ఇంకా ఫోన్ కోసం చూస్తూ ఉండి ఉంటుంది.

2000 నుంచి దక్షిణ అరిజోనాలోనే నాలుగు వేలకు పైగా మృతదేహాలు, అవశేషాలు దొరికాయి. వీళ్లు ఎడారినే ఎందుకు ఎంచుకున్నారంటావా? 1994 నుంచి సరిహద్దు ఊళ్ల దగ్గర కాపలా బిగించారు, కష్టమైన నేల చూసి జనం ఆగిపోతారని అధికారుల లెక్క. జనం ఆగలేదు, దారి మార్చుకున్నారు. 2019 జూన్‌లో అరిజోనా సరిహద్దు ఊరు ల్యూక్‌విల్ దగ్గర చనిపోయిన పంజాబీ పాపకి ఆరేళ్లు. తల్లి నీళ్లు వెతుక్కుంటూ వెళ్లిందట. ఆ పాపని ఏ అధికారానికి లోబడమంటాం?

రోమీయులకు 13 గురించి ఒక మాట. ఏడు రోజులూ నడిచేవాళ్లు ససాబే గేటు దగ్గర పాస్‌పోర్టు చూపించే అమెరికాలోకి వస్తారు. 1982లో టూసన్ సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టరు జాన్ ఫైఫ్ శరణార్థులకు ఆశ్రయం ప్రకటించి, 1986లో కోర్టులో దోషిగా తేలారు. అది చట్టాన్ని ఎదిరించడం. నేను పిలిచేది దానికి కాదు, చనిపోయినవాళ్ల కోసం ఏడవడానికి. బండి సంగతి నిజమే, వాళ్ల కష్టం మనకి పూర్తిగా తెలియదు. తెలిసిందని అక్కడ ఎవరూ చెప్పుకోలేదు కూడా.

బాపట్ల నుంచి:
2020 లాక్‌డౌన్‌లో మా హైవే మీద ఒడిశా కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని నడిచి వెళ్తుంటే మా సంఘం స్త్రీలు మజ్జిగ, పులిహోర పొట్లాలు పంచారు. "పరదేశినై యుంటిని నన్ను చేర్చుకొంటిరి" అన్న వాక్యం ఆ రోజే నాకు అర్థమైంది. కాగితాలు ఎవరం అడగలేదు.

డాలస్ నుంచి:
అక్కా, వాళ్లు మన దేశం వాళ్లు, సొంత ఊరికి వెళ్తున్నారు. అదీ ఇదీ ఒకటి కాదు. ఆ పాప మాట చదివాక మాత్రం కాసేపు ఏమీ రాయలేకపోయాను, నాకూ అంత కూతురుంది. దాహంతో ఉన్నవాడికి నీళ్లివ్వాలి, కాదనను. ఎడారిలో నీళ్ల డ్రమ్ములు నింపడానికైతే వస్తాను. శిలువ పట్టుకుని వీధిలో నడవను, అది ప్రభుత్వానికి సందేశం ఇవ్వడమే.

ఫీనిక్స్ నుంచి:
అయితే రా. 2000లో మొదలైన హ్యూమేన్ బోర్డర్స్ అనే సేవా సంస్థ వాళ్లు ఎడారిలో నీళ్ల డ్రమ్ములు పెట్టి, దూరం నుంచి కనబడేలా నీలం జెండాలు కడుతున్నారు. కానీ నీళ్లివ్వడం కూడా కోర్టు దాకా వెళ్లిందని తెలిసే రా. అరిజోనాలోని అహో ఊళ్లో ఇద్దరు వలసదారులకు తిండి, నీళ్లు, తలదాచుకునే చోటు ఇచ్చారని, వలసదారులకు సాయం చేసే నో మోర్ డెత్స్ సంస్థ కార్యకర్త స్కాట్ వారెన్‌ని 2018 జనవరిలో అరెస్టు చేశారు. మొదటి విచారణలో జ్యూరీ తేల్చలేకపోయింది. 2019 నవంబరులో నిర్దోషి అన్నారు.

ఒక విద్యార్థిని:
అన్నా, నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. నడవాలని ఉంది, భయంగానూ ఉంది. నాలాంటివాళ్లు రావచ్చా?

ఫీనిక్స్ నుంచి:
ససాబే నుంచి మాత్రం నడవకు చెల్లీ, సరిహద్దు దాటి మళ్లీ లోపలికి రావాల్సి ఉంటుంది. చివరి రోజు దారి టూసన్ దగ్గరే. అయినా ముందు ఇమిగ్రేషన్ లాయరుని అడుగు, నా మాట మీద రావద్దు. రాలేకపోతే ఒక పేరు పంపిస్తాను, ఆ వారమంతా ఆ పేరుతో ప్రార్థన చెయ్యి. డాలస్ తమ్ముడూ, నీకు కుదిరే శనివారం చెప్పు, మా ఇంట్లో దిగొచ్చు.