అందరికీ ఒకే నియమాలున్నప్పుడు జిలాంగ్ క్లబ్ ఇన్నేళ్ళుగా పైనే ఎలా ఉంటోంది?

ప్రశ్న: విండమ్ వేల్ వాసి

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌కు పడమటి వైపున్న విండమ్ వేల్‌లో మేము స్థిరపడి తొమ్మిదేళ్ళయింది. జిలాంగ్ వెళ్ళే రైలు మా స్టేషన్‌లో ఆగుతుంది. ఆట ఉన్న శనివారాల్లో నీలం, తెలుపు చారల కండువాలు వేసుకున్నవాళ్ళతో పెట్టెలు నిండిపోవడం చూసి చూసి మా అబ్బాయి ఆ జట్టుకు అభిమాని అయ్యాడు. వాడి వెనకాలే నేనూ అయ్యాను.

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆట ఇప్పుడు నాకు బాగానే అర్థమవుతోంది. అర్థం కానిది క్లబ్‌ల మధ్య లెక్క. ఐపీఎల్ వేలంలో చేతిలో సొమ్ము మిగుల్చుకున్న ఫ్రాంచైజీ తనకు కావలసిన ఆటగాణ్ణి పాట పాడి తెచ్చుకోగలదు. ఇక్కడ అలా కాదు. 18 క్లబ్‌లకూ జీతాల పరిమితి ఒక్కటే. సీజన్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్‌కు, ఏటా కుర్ర ఆటగాళ్లను క్లబ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక, విజేతకు అన్నిటికన్నా చివరి ఎంపిక. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడికి తాను ఏ ఊరి జట్టుకు ఆడాలో నిర్ణయించుకునే హక్కు కూడా ఉండదు. పైనున్నవాణ్ణి కిందికి, కిందున్నవాణ్ణి పైకి తేవడానికే ఈ ఏర్పాటంతా చేశారని నాకు అర్థమైంది.

మరి 2007 నుంచి 2025 వరకు జరిగిన 19 సీజన్లలో సీజన్ చివర పై జట్ల మధ్య జరిగే ఫైనల్స్‌కు జిలాంగ్ చేరనివి 2015, 2023 మాత్రమే. ఈ కాలంలో 2007, 2009, 2011, 2022లలో నాలుగుసార్లు ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచింది. ఆ టైటిల్‌ను తేల్చే గ్రాండ్ ఫైనల్‌లో 2025లో బ్రిస్బేన్ చేతిలో 47 పాయింట్ల తేడాతో ఓడిన రోజు మా అబ్బాయి అన్నం తినలేదు, కానీ మర్నాడు పొద్దున్నే "వచ్చే ఏడాది మళ్ళీ వస్తాం కదా నాన్నా" అన్నాడు. వాడికి ఆ నమ్మకం కలగడానికి క్లబ్ ఏం చేస్తోంది? వరుసగా మూడేళ్ళు మొదటి ఎంపిక దక్కిన కార్ల్‌టన్‌కు ఆ ఫలితం ఎందుకు రాలేదు? తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

సమాధానం: కార్డీనియా పార్క్ అభిమాని

1999 డ్రాఫ్ట్ నుంచి మొదలుపెడితే విషయం తేలికగా అర్థమవుతుంది. అప్పటికి జిలాంగ్ అప్పుల్లో ఉన్న క్లబ్. దాని చివరి ప్రీమియర్‌షిప్ 1963 నాటిది. ఆ డ్రాఫ్ట్‌లో క్లబ్ 8వ ఎంపికతో జోయెల్ కోరీని, 31తో పాల్ చాప్‌మన్‌ను, 38తో కామెరన్ లింగ్‌ను, 47తో కోరీ ఎన్‌రైట్‌ను తీసుకుంది. ఎన్‌రైట్ పేరు పిలిచేసరికి దేశంలోని అన్ని క్లబ్‌లూ కలిసి 46 మందిని తీసుకున్నాయి. అతడు ఆ తర్వాత జిలాంగ్‌కు 332 ఆటలు ఆడాడు. చాప్‌మన్ 2009 గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడిగా నార్మ్ స్మిత్ పతకం అందుకున్నాడు. లింగ్ 2011లో కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు.

రెండేళ్ళ తర్వాత, 2001లో, అందరి దృష్టీ ల్యూక్ హాజ్, ల్యూక్ బాల్, క్రిస్ జడ్ అనే ముగ్గురి మీదే ఉంది. ఆ ముగ్గురూ మొదటి మూడు ఎంపికల్లోనే వెళ్ళిపోయారు. జిలాంగ్ 8వ ఎంపికతో జిమ్మీ బార్టెల్‌ను, 17తో జేమ్స్ కెల్లీని, 24తో స్టీవ్ జాన్సన్‌ను, 40తో గ్యారీ అబ్లెట్ జూనియర్‌ను తెచ్చుకుంది. ఈ ఎనిమిది మందీ 2007 గ్రాండ్ ఫైనల్‌లో ఆడారు. ఆ రోజు పోర్ట్ అడిలైడ్ మీద జిలాంగ్ గెలిచిన 119 పాయింట్ల తేడా గ్రాండ్ ఫైనల్స్ చరిత్రలోనే అతి పెద్దది. ఆ ఎనిమిదిలో ఒక్కటి కూడా మొదటి ఏడు ఎంపికల్లోది కాదు. ఈ క్లబ్ గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఇదే. దశాబ్దాలుగా కుర్రవాళ్ళను వెతికే బాధ్యత చూసిన స్టీఫెన్ వెల్స్ పేరు ఈ ఊళ్ళో ఆటగాళ్ల పేర్లతో సమానంగా వినిపించడానికి కారణమూ ఇదే.

అయితే మంచి కుర్రవాళ్ళను పట్టుకోవడం సగం పనే. వాళ్ళ చుట్టూ జాబితాను పేర్చడం రెండో సగం. క్లబ్ దగ్గర నలభై మందికి పైగా ఆటగాళ్లుంటారు. అందరూ ఒకేసారి ముప్ఫైకి చేరకూడదు, అందరి ఒప్పందాలూ ఒకే ఏడాది ముగియకూడదు, జీతాల సొమ్ము మొత్తం నలుగురి చేతుల్లోకే పోకూడదు. 2004 చివరికి మధ్య మైదానం కుర్రవాళ్ళతో పండుతోంది కానీ, బంతిని పైనుంచి తట్టి అందించే పొడవాటి రక్‌మన్ కొరత స్పష్టంగా ఉంది. అప్పుడు క్లబ్ 12, 16 ఎంపికలు రెండూ రిచ్‌మండ్‌కు ఇచ్చేసి బ్రాడ్ ఆటెన్స్‌ను తెచ్చుకుంది. మొదటి వరుస ఎంపికలు, అంటే డ్రాఫ్ట్ తొలి విడతలో వచ్చే వంతులు, రెండు వదులుకోవడం చిన్న త్యాగమేమీ కాదు. ఇదే పని మూడేళ్ళ ముందు చేసి ఉంటే పూర్తిగా దండగ అయ్యేది. 2001లో ఎంపికలు ఇచ్చేసి ఉంటే బార్టెల్, కెల్లీ లాంటివాళ్ళు దొరికేవారే కాదు. ఖాళీ ఎక్కడుందో తెలియడంతో పాటు అది ఎప్పుడు నింపాలో తెలియడమే ఈ విద్యలో కష్టమైన భాగమని నేను నమ్ముతాను.

2010 చివర అబ్లెట్ కొత్తగా పుట్టిన గోల్డ్ కోస్ట్ క్లబ్‌కు పెద్ద జీతం మీద వెళ్ళిపోయాడు. ఊరంతా కుమిలిపోయింది. క్లబ్ మాత్రం అతణ్ణి నిలుపుకోవడానికి మిగిలినవాళ్ళ జీతాలు కోసి కట్టబెట్టలేదు. పైన చెప్పిన వారిలో మిగిలిన ఏడుగురూ 2011 గ్రాండ్ ఫైనల్‌లో ఆడి గెలిచారు.

సమాధానం: లెక్క సరిచూసేవాడు

పైవారు చెప్పిన వివరాలు సరైనవే. కానీ తెలివికి ఎంత మార్కులిచ్చారో అదృష్టానికి కూడా అంత ఇవ్వాలని నా అభిప్రాయం.

అబ్లెట్ 40వ ఎంపికకు దొరకడం వెతుకులాట గొప్పతనం కాదు. తండ్రి ఒక క్లబ్‌కు వంద ఆటలు ఆడి ఉంటే కొడుకును ఆ క్లబ్ ముందుగా తీసుకోవచ్చన్న నియమం ఉంది. ఆ రోజుల్లో దానికి మూడో వరుస ఎంపిక ఒకటి ఇస్తే సరిపోయేది. 2006లో టామ్ హాకిన్స్ కూడా అలాగే 41వ ఎంపికకు వచ్చాడు. ఆ తర్వాత 2007 నుంచి ఇతర క్లబ్‌లు ఫలానా ఎంపికతో ఆ కుర్రవాణ్ణి తాము తీసుకుంటామని బిడ్ వేసే పద్ధతి వచ్చింది. 2015 నుంచి ప్రతి ఎంపికకూ పాయింట్ల విలువ కట్టి, బిడ్‌కు తగిన పాయింట్లు చెల్లించి తీసుకోమన్నారు. అబ్లెట్, హాకిన్స్ ఇప్పుడు పుట్టుకొస్తే ఆ ధరకు దొరకరు.

ఊరి సంగతి కూడా చూడాలి. పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్ సొంత ఊరు మాగ్స్ క్రీక్ జిలాంగ్‌కు దగ్గర్లోని సముద్ర తీరంలో ఉంది. జెరెమీ కామెరన్ పశ్చిమ విక్టోరియాలోని డార్ట్‌మూర్ అనే పల్లెటూరివాడు. మహానగరపు రద్దీ లేకుండా పొలం, సముద్రం దగ్గర ఉండాలనుకునే ఆటగాడికి జిలాంగ్‌ను మించిన చోటు ఈ లీగ్‌లో లేదు. ఆ ఆకర్షణను ఏ క్లబ్ అధికారీ తయారుచేయలేదు.

సమాధానం: కార్డీనియా పార్క్ అభిమాని

తండ్రీకొడుకుల నియమం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. ఊరి ఆకర్షణ కూడా నిజమే. కానీ ఇంటికి రావాలనుకున్నవాడికి జీతం ఇవ్వడానికి చేతిలో సొమ్ము ఉండాలి, అతడి పాత క్లబ్‌కు ఇవ్వడానికి ఎంపికలు ఉండాలి. ఆ రెండూ ముందుచూపుతో దాచుకుంటేనే ఉంటాయి. డేంజర్‌ఫీల్డ్ కోసం 2015 చివర అడిలైడ్‌కు 9, 28 ఎంపికలతో పాటు ఒక యువ ఆటగాణ్ణి ఇచ్చారు. మరుసటి ఏడాదే అతడు లీగ్ ఉత్తమ ఆటగాడిగా బ్రౌన్‌లో పతకం గెలిచాడు. కామెరన్ కోసం 2020లో మొదటి వరుస ఎంపికలు మూడు ఇచ్చారు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేవి క్లబ్‌ల మధ్య జరిగే ఈ పెద్ద మార్పిడులు, అంటే ట్రేడ్‌లు, కావు. 2022 జట్టును ఒకసారి చూడండి. టామ్ స్టూవర్ట్‌ను 2016లో 40వ ఎంపికతో తీసుకున్నప్పుడు అతడికి 23 ఏళ్ళు. ఆ వయసు దాటాక ఇక లీగ్‌లోకి రాలేననుకుని మానుకునేవాళ్ళు ఎందరో. మార్క్ బ్లిచావ్స్ అడ్డంకులు దూకుతూ పరుగెత్తే స్టీపుల్‌చేజ్ పోటీల్లో ఉన్నవాడు. అతణ్ణి కొత్తవాళ్ళ కోసం ఉండే రూకీ జాబితాలో చేర్చుకుని ఈ ఆట నేర్పారు; అతడు రెండుసార్లు క్లబ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. టైసన్ స్టెంగిల్ 2021లో లీగ్ జాబితాల్లో లేకుండా దక్షిణ ఆస్ట్రేలియా స్థానిక పోటీల్లో ఆడుతున్నాడు. ఎవరికీ ఏమీ చెల్లించకుండా అతణ్ణి తెచ్చుకుంటే, 2022 గ్రాండ్ ఫైనల్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. ఐజాక్ స్మిత్ 32వ పుట్టినరోజుకు కొద్ది నెలల ముందు హాథార్న్ నుంచి ఫ్రీ ఏజెంట్‌గా, అంటే ఒప్పందం ముగిసి స్వేచ్ఛగా క్లబ్ మారగలవాడిగా, వచ్చి, 33 ఏళ్ళ వయసులో నార్మ్ స్మిత్ పతకం అందుకున్నాడు. ఈ లీగ్ చరిత్రలోనే అన్నిటికన్నా వయసు మీరిన జట్టది. సిడ్నీ మీద 81 పాయింట్ల తేడాతో గెలిచింది.

గెలిచిన కొద్ది వారాలకే మరొకటి జరిగింది. గోల్డ్ కోస్ట్‌కు జీతాల పరిమితి బిగుసుకుపోయి, జాక్ బోస్ ఒప్పందపు భారం దించుకోవలసి వచ్చింది. ఆ భారం మోసే క్లబ్‌కు అతడితో పాటు 7వ ఎంపికను కూడా ఇస్తామన్నారు. జిలాంగ్ ఆ మొత్తాన్ని ఎక్కువ ఏళ్ళకు పరిచి, బోస్‌ను, 7వ ఎంపికను రెండింటినీ తీసుకుంది. చివరి ఎంపికతో సరిపెట్టుకోవలసిన విజేతకు 7వ ఎంపిక చేరింది! దీన్ని అదృష్టమని నేను ఒప్పుకోలేను. జీతాల్లో ఖాళీ ఉంచుకోవడం కూడా ఒక ఆస్తేనని తెలిసినవాళ్ళు చేసిన పని అది.

సమాధానం: పాత కార్ల్‌టన్ అభిమాని

కార్ల్‌టన్ గురించి అడిగారు కాబట్టి, మనసుకు కష్టమైనా నేనే చెబుతాను. మా క్లబ్ చివరి ప్రీమియర్‌షిప్ 1995లో వచ్చింది. జీతాల పరిమితిని దొంగచాటుగా దాటినందుకు 2002లో లీగ్ మాకు 9 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేసి, ఆ ఏడాది, మరుసటి ఏడాది విలువైన ఎంపికలు లాగేసుకుంది. సొమ్ము పోవడం కన్నా ఎంపికలు పోవడమే మమ్మల్ని కుంగదీసింది. రెండేళ్ళ పంట వేయకుండా వదిలేసిన పొలంలా మా జాబితాలో ఒక వయసు ఆటగాళ్లే కరువైపోయారు.

ఆ తర్వాత 2005లో మార్క్ మర్ఫీ, 2006లో బ్రైస్ గిబ్స్, 2007లో మాథ్యూ క్రూజర్, ముగ్గురూ మొదటి ఎంపికగా వచ్చారు. ముగ్గురూ మంచి ఆటగాళ్లే, ఎంపికల్లో తప్పు పట్టడానికి లేదు. కానీ 1999లో జిలాంగ్‌కు 31, 38, 47 స్థానాల్లో దొరికినవాళ్ళు మాకు దొరకలేదు. మొదటి ఎంపిక ఒక్కణ్ణే ఇస్తుంది, మైదానంలో ఆడేది పద్దెనిమిది మంది. 2007 చివర వెస్ట్ కోస్ట్ నుంచి క్రిస్ జడ్‌ను తెచ్చుకోవడానికి మేము 3, 20 ఎంపికలతో పాటు జోష్ కెన్నెడీని ఇచ్చేశాం. జడ్ మాకు గొప్పగా ఆడి 2010లో బ్రౌన్‌లో గెలిచాడు. నాకు అతడి మీద ఇప్పటికీ అభిమానమే. కెన్నెడీ అక్కడ రెండుసార్లు లీగ్‌లో అత్యధిక గోల్స్ వీరుడయ్యాడు, 2018 ప్రీమియర్‌షిప్ జట్టులో ఉన్నాడు. ఆటెన్స్ ట్రేడ్‌తో దీన్ని పోల్చి చూడండి. జిలాంగ్ కట్టడం పూర్తవుతున్నప్పుడు పైకప్పు కొన్నది. మేము పునాది తీసి పైకప్పు కొన్నాం.

పై ఎంపికలతో పైకి రావడం అసాధ్యమేమీ కాదని హాథార్న్ చూపించింది. 2004లో 2, 5, 7 ఎంపికలతో జారెడ్ రఫ్‌హెడ్, లాన్స్ ఫ్రాంక్లిన్, జోర్డన్ లూయిస్‌లను తీసుకుని 2008లో గెలిచింది. అక్కడితో ఆగకుండా షాన్ బర్గాయిన్, జోష్ గిబ్సన్, జాక్ గన్‌స్టన్, బ్రయన్ లేక్ వంటివాళ్ళను ఇతర క్లబ్‌ల నుంచి ఒక్కొక్కరిగా తెచ్చి 2013 నుంచి వరుసగా మూడు గెలిచింది. ఆ మధ్యలోనే ఫ్రాంక్లిన్ తొమ్మిదేళ్ళకు కోటి డాలర్ల ఒప్పందంతో సిడ్నీ వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది గ్రాండ్ ఫైనల్‌లో అదే సిడ్నీని హాథార్న్ 63 పాయింట్ల తేడాతో ఓడించింది.

విండమ్ వేల్ వాసి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కార్ల్‌టన్ అభిమాని గారి మాటలు చదువుతుంటే నాకే బాధ కలిగింది. ఇవన్నీ మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు వెంటనే నోటుపుస్తకం తెచ్చి జట్టులోని వాళ్ళ పేర్లు, పక్కన వయసు, ఎన్నో ఎంపికగా వచ్చారో రాయడం మొదలుపెట్టాడు. డేంజర్‌ఫీల్డ్ 1990లో పుట్టాడని రాసి, పక్క గడి ఖాళీగా వదిలి, అతడి తర్వాత ఎవరని అడుగుతున్నాడు.

కార్డీనియా పార్క్ అభిమాని

ఆ గడిలో ఒక్క పేరే రాయవద్దని చెప్పండి. 2020లో 20వ ఎంపికగా వచ్చిన మాక్స్ హోమ్స్ పేరు ముందు రాసి, కింద మరో రెండు గీతలు ఖాళీగా ఉంచమనండి. అక్టోబరు ట్రేడ్‌లు, నవంబరు డ్రాఫ్ట్ అయ్యాక వాడే నింపుకుంటాడు.