రెండు ఇంజన్ల పెద్ద ఆర్‌సీ విమానం: పెట్రోలా, బ్యాటరీయా?

జడ్చర్ల_డోర్నియర్:
అందరికీ నమస్తే. డోర్నియర్ 228 అనే రెండు ఇంజన్ల విమానానికి ఆరో వంతు సైజులో ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) మోడల్ కడుతున్నా. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 2.8 మీటర్లు. అన్నీ బిగించాక 14 కిలోలు తూగుతుందని లెక్క వేసుకున్నా. బాడీ అయిపోయింది, ఇంజన్ మౌంట్ల దగ్గర ఆగాను. 20 సీసీ పెట్రోల్ ఇంజన్లు రెండు పెట్టాలా, మోటార్లు పెట్టాలా? ఎగరేసేది మనం ఎప్పుడూ కలిసే వెంచర్ రోడ్డు మీదనే. ఒకవైపు ఇంజన్ ఆగిపోతే ఎట్లా అని ఒకటే టెన్షన్.

నల్గొండ_బోరుబండి:
పెట్రోలే పెట్టు తమ్మీ. ఇంజన్ ఊరికే ఆగదు, ట్యూనింగ్ చేతగాక ఆగుతుంది. దేని ట్యాంక్ దానికి, దేని ఇగ్నిషన్ బ్యాటరీ దానికి, దేని థ్రాటిల్ సర్వో (థ్రాటిల్‌ను కదిలించే చిన్న మోటారు) దానికి పెట్టు. ముందు స్టాండు మీద ఒక్కోదాన్ని రెండు మూడు లీటర్లు తాగేదాకా తిప్పు. తర్వాత టాకోమీటర్ (తిరిగే వేగం చూపే మీటర్) పట్టి సగం థ్రాటిల్‌లో, ఫుల్‌లో రెండింటి ఆర్‌పీఎం కలుపు. ఎక్కువ తిరిగేదాన్ని తగ్గించి కలపాలె. తక్కువ తిరిగేదాన్ని కార్బరేటర్ సూది బిగించి పైకి లాగితే లీన్ అయి (పెట్రోల్ చాలక), వేడెక్కి, మన ఎండలకు గాల్లోనే పట్టేస్తుంది. కౌలింగ్‌లో (ఇంజన్ మీది తొడుగులో) గాలి వచ్చే సందు కన్నా పోయే సందు పెద్దగా ఉండాలె. ఇవన్నీ చేసినంక ఆగితే నన్ను అడుగు.

పాలమూరు_వోల్టు:
"ఆగితే నన్ను అడుగు" అట. అడుగుదాం, దానికి ఇంకా టైముంది. అన్నా, ఇప్పుడు బంకులో పోసేది ఇ20. అందులో ఇరవై శాతం ఇథనాల్. అది తేమను పీల్చుకుంటుంది, కార్బరేటర్‌లోని డయాఫ్రమ్ అనే పలుచటి పొరను గట్టిపరుస్తుంది. మీరు పొద్దున కలిపిన ఆర్‌పీఎం మధ్యాహ్నానికి ఉంటదా? మోటార్లైతే ఒకే బ్యాటరీ వోల్టేజీకి రెండూ ఒకే తీరుగా తిరుగుతాయి. మూడు వైర్లలో ఏ రెండైనా మార్చి, ఎదురు ప్రొపెల్లర్ పెడితే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. టార్క్ (రెండూ ఒకే దిక్కు తిరిగితే విమానాన్ని పక్కకు తిప్పే బలం) సమస్యే పోయింది.

నల్గొండ_బోరుబండి:
ఇ20, ఇ20! మా దిక్కు పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు ఏం పోసి నడుస్తున్నాయి? వాటిల్లో ఉన్నదీ ఇదే రకం కార్బరేటర్. నా షాపులో వారానికి నాలుగు విప్పుతా, నాకు చెప్తున్నవా? పని అయినంక ట్యాంక్ ఒంపేసి, కార్బరేటర్ ఎండేదాకా నడిపి ఆపితే ఏమీ కాదు. సీజన్ అయ్యాక అట్లనే మూలకు పడేసినోళ్లవే పాడైతయి. నీ బ్యాటరీ సంగతి చెప్పు. ఆరేడు నిమిషాలు ఎగిరి, గంటసేపు జనరేటర్ పక్కన కూర్చోవాలె. ఆ లిపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) పగిలి నిప్పు లేస్తే కోతలైన పొలంలో ఎండు గడ్డి ఊరుకుంటదా?

సాగర్_గాలి:
పాపం, ఒకవైపు ఆగితే ఎట్లా అని కదా ఆ పిల్లగాడు అడిగింది.

చూసిపోయేటోడు:
గైరో (విమానం పక్కకు తిరిగితే దానంతట అదే సర్దే పరికరం) పెట్టు. అయిపాయె.

మిర్యాలగూడ_బాల్సా:
అయిపోదు. ఒక ఇంజన్ ఆగితే ముక్కు ఆ దిక్కే తిరుగుతుంది. స్పీడు ఉన్నంతసేపు గైరో రడ్డర్‌తో (తోక మీది చుక్కానితో) సర్దేస్తుంది, కాబట్టి ఇంజన్ ఆగిన సంగతి కింద నిలబడ్డ మనకు కనబడదు. స్పీడు ఒక హద్దు దాటి తగ్గాక రడ్డర్‌కు బలం చాలదు, అప్పుడు ఒక్కసారిగా తిరగబడుతుంది. ఇంకో తప్పు అందరూ చేసేదే. రెక్క వాలగానే చెయ్యి అలవాటుగా ఐలరాన్ (రెక్క చివర్లలో పైకీ కిందికీ కదిలే పలక) మీదికి పోతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు అట్లా లాగితే ఆగిన ఇంజన్ వైపు రెక్కే ముందు స్టాల్ అవుతుంది, అంటే దాని ఎత్తే బలం పడిపోతుంది.

చెయ్యాల్సింది ఒకటే: నడుస్తున్న ఇంజన్‌ను కూడా తగ్గించు, ముక్కు దించు, రడ్డర్‌తో సూటిగా పెట్టి ఎదురుగా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దించు. వెనక్కి తిప్పి రోడ్డు మీదికి తేవాలన్న ఆశే విమానాన్ని కూలగొడుతుంది. అసలు డోర్నియర్‌లో ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ రేకులను గాలికి అడ్డం రాకుండా తిప్పేసే ఏర్పాటు ఉంది. మన ఫిక్స్‌డ్ ప్రొపెల్లర్‌కు అది లేదు, గాలికి అడ్డమే. మోటారైనా అంతే వోల్టు గారూ, ఒక ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలితే మీదీ ఒంటి ఇంజన్ విమానమే.

పాలమూరు_వోల్టు:
ఎదురుగా ఖాళీ ఎక్కడుంది బాల్సా సార్? వానాకాలం పడమటి గాలి, టేకాఫ్ పడమరకే. కాంపౌండ్ గోడ దాటితే పత్తి చేను. పోయినేడు బోరుబండి అన్న రెండు ఇంజన్లది ఎక్కడ పడిందో అందరికీ తెలుసు. కలుపు తీస్తున్న ఆడవాళ్లకు నాలుగు సాళ్ల అవతల. పెట్రోల్ కారిన చోట మొక్కలు మాడిపోయాయి. ఆ రైతు దగ్గరికి పోయి బతిమాలింది నేను, పైసలు కట్టింది నేను. అన్న రెక్కలు ఏరుకొని బండెక్కిండు.

నల్గొండ_బోరుబండి:
ఇంతసేపు ఇథనాల్ అన్నది దీనికా? రిసీవర్ సిగ్నల్ పోయిందని ఆ రోజే చెప్పిన. పైసలు అడిగితే ఇయ్యనా? నన్ను అడగకుండా పెద్దమనిషి లెక్క పోయి మాట్లాడి, కట్టిన రసీదు గ్రూపులో పెట్టినవ్. మరునాడే పది కిలోలు దాటినవి ఎగరెయ్యొద్దని రూలు పెట్టినవ్. ఎవల్ని అడిగినవ్? ఆ జాగ నీ పేరు మీదుందా? 2021 డ్రోన్ రూల్స్‌లోనే సరదాకు, కంటికి కనబడేంత దూరంలో ఎగరేసేది 25 కిలోల దాకా మోడల్ అని ఉన్నది.

పాలమూరు_వోల్టు:
ఆ రూల్స్‌లో బరువు ఉంది, పత్తి చేనులో మనుషులు లేరు. వెంచర్ ఓనర్ ఫోన్ చేసేది నాకు. ఇంకోసారి ఏదన్నా అయితే గేటుకు తాళం వేస్తనన్నడు. మీకు నల్గొండలో ఇంకో జాగ ఉంది, మా దిక్కు పది మందికి ఉన్నది ఆ ఒక్క రోడ్డే.

సాగర్_గాలి:
ఇది ముందే చెప్తే ఇన్ని పోస్టులు చదివే పని తప్పేది.

జడ్చర్ల_డోర్నియర్:
అంటే నాది 14 కిలోలు కాబట్టి పెట్రోలైనా, మోటారైనా అక్కడ వద్దనేనా? ఈ పది కిలోల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, బాడీ ఫోటోలు పెట్టినప్పుడు కూడా.

మిర్యాలగూడ_బాల్సా:
యాసంగి కోతలయ్యాక మా దిక్కు రా. పొలాలు ఖాళీగా ఉంటాయి, మైలు దూరం మనిషి కనబడడు. గట్లు ఉంటాయి కాబట్టి పెద్ద చక్రాలు వెయ్యి. మొదట్లో బాగా ఎత్తుకు పోయి, ఒక ఇంజన్‌ను ఐడిల్‌కు తెచ్చి, ఏ స్పీడు దగ్గర రడ్డర్ చేతులెత్తేస్తుందో చూసుకో. థ్రాటిల్ సర్వోలు వేర్వేరుగా ఉంటేనే అది కుదురుతుంది. ఆ ముక్క బోరుబండి చెప్పిందే కరెక్టు.

నల్గొండ_బోరుబండి:
ఇంజన్లు కొన్నాక నా షాపుకు తే తమ్మీ, స్టాండు ఉంది.

పాలమూరు_వోల్టు:
స్టాండు మీద ఎంతసేపైనా తిప్పుకోండి. రోడ్డు మీద మాత్రం పది కిలోలే.

నల్గొండ_బోరుబండి:
ముందు ఆ రసీదు ఎంతకో చెప్పు, సగం పంపుతా. పది కిలోల ముచ్చట అందరం కూర్చున్నప్పుడు తేలుద్దాం.