పాలిసేడ్స్ కొండ అంచు దారిలో 40 మందితో గ్రూప్ రన్ పెట్టొచ్చా?

శనివారం_పరుగు
అందరికీ నమస్కారం. మా న్యూజెర్సీ తెలుగు రన్నర్ల గ్రూపు వచ్చే నెల లాంగ్ రన్ పాలిసేడ్స్‌లో పెడదామనుకుంటోంది. వెళ్లనివాళ్ల కోసం చెబుతున్నా: జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి దగ్గర మొదలై న్యూయార్క్ సరిహద్దు దాకా, హడ్సన్ నది పక్కన సుమారు 12 మైళ్ల పొడవు, అర మైలు వెడల్పు ఉండే అడవి పార్కు అది. దారులు రెండు. కొండ మీద లాంగ్ పాత్, చెట్లకి లేత నీలం గుర్తులుంటాయి. కింద నది ఒడ్డున షోర్ ట్రైల్, తెల్ల గుర్తులు.

పేర్లిచ్చినవాళ్లు 40 దాటారు. అందులో సగం మంది తారు రోడ్డు మీద తప్ప ఎక్కడా పరుగెత్తలేదు. నాకు పైదారే ఇష్టం. ఆల్పైన్ ఊరి దగ్గర మొదలుపెట్టి, న్యూయార్క్ సరిహద్దు దగ్గరుండే వ్యూ పాయింట్ స్టేట్ లైన్ లుకౌట్ దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి. కానీ గ్రూపులోనే ఇద్దరు గట్టిగా వద్దంటున్నారు. అడవి పాడవుతుందని ఒకరు, ఎవరైనా పడితే ఎవరు బాధ్యులని ఇంకొకరు. మీ అనుభవం చెప్పండి.

నీలిగుర్తు
నేనూ వద్దనే చెబుతాను. నేను రన్నర్నే. ఏడాదికి నాలుగైదు శనివారాలు దారులు బాగుచేసే వాలంటీర్లతో కూడా వెళ్తుంటాను.

వాననీరు దారి వెంటే పారి మట్టిని కోసుకుపోకుండా, దారికి అడ్డంగా ఏటవాలుగా రాళ్లు పాతుతారు. పోయిన వసంతంలో అలాంటి రాయి ఒకటి కూర్చోబెట్టడానికి నాకూ ఇంకో వాలంటీరుకీ ఒక పూట పట్టింది. గుంట తవ్వి, గడ్డపారతో రాయిని దొర్లించుకొచ్చి, కింద చిన్న రాళ్లు కూరి, పైకెక్కి తొక్కి, కదలడం లేదని తేల్చుకున్నాకే మట్టి కప్పాం. రెండు వారాల తర్వాత వెళ్లి చూస్తే రాయి రాయిలాగే ఉంది. దాని పక్కన మూడడుగుల వెడల్పున కొత్త జాడ పడింది. అడుగు ఎత్తి వేయడానికి బద్ధకించి జనం పక్కనుంచి వెళ్లారు. నీళ్లు కూడా అటే పారుతున్నాయి. పక్కనున్న చెట్టు వేళ్లు రెండు బయటపడి ఉన్నాయి.

ఇది ఒక్కొక్కరుగా వెళ్లినవాళ్ల పని. 40 మంది వరసగా వెళ్తే ఎలా ఉంటుందో చూడండి. ముందు పదిమంది బురద తొక్కుతారు, మిగతా 30 మంది బూట్లు తడవకుండా పక్కన ఆకుల్లోంచి వెళ్తారు. ఎదురుగా వచ్చేవాళ్లకి దారి ఇవ్వడానికి కూడా చెట్లలోకే దిగాలి. కొండ మీద మట్టి పొర చాలా పలచన, కింద అంతా రాయే. ఒకసారి కొట్టుకుపోతే ఇక రాదు.

ఎడిసన్_అక్క
నీలిగుర్తు గారూ, మీ కష్టానికి దండం. కానీ మీ మాటతో ఏకీభవించలేను.

నాకు 46 ఏళ్లు. మూడేళ్ల క్రితం దాకా బస్సు కోసం కూడా పరుగెత్తలేదు. కాలనీ రోడ్ల మీద పరుగెత్తితే మోకాళ్లు నొప్పి, పక్కనుంచి కార్లు. మొదటిసారి లాంగ్ పాత్ మీద వెళ్లినప్పుడు, ఆకులు రాలిన మట్టి మీద అడుగు పడితే చప్పుడు రాదని తెలిసింది. చెట్ల మధ్య కాసేపు వెళ్లాక ఉన్నట్టుండి కుడివైపు ఖాళీ. ఎదురుగా ఆకాశం, కింద ఎక్కడో నది, దాని మీద ఆవగింజంత పడవ. అక్కడ నిలబడి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నేను ఒంటరిగా ఆ దారికి వెళ్లలేను. మా గ్రూపులో చాలామంది ఆడవాళ్లు వెళ్లలేరు. ఇంట్లో ఒప్పుకోరు, మాకూ భయమే. గ్రూపు వద్దంటే, ఆ అడవి మాకు వద్దన్నట్టే.

పెన్నా_ఒడ్డు
ఆ కొండ రాయి సంగతి ఎవరూ ఎత్తలేదు. పాలిసేడ్ అంటే కర్రలు వరసగా పాతి కట్టిన దడి. కొండ ముఖం నిలువు స్తంభాలు నిలబెట్టినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగిన రాయి, వేరే రాతి పొరల మధ్యకి చొరబడి, మెల్లగా చల్లారి, బిగుసుకుని నిలువునా పగిలింది. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి చలికాలంలో గడ్డకడతాయి, గడ్డకట్టిన నీరు ఉబ్బి రాయిని మెల్లగా బయటికి తోస్తుంది. అందుకే చలి విరిగి మంచు కరిగే రోజుల్లో రాళ్లు ఎక్కువగా పడతాయి. 2012 మే 12 సాయంత్రం సరిహద్దు దగ్గర సుమారు 10,000 టన్నుల రాయి ఒక్కసారిగా కూలింది. పక్కనే ఉన్న లామాంట్-డోహర్టీ అబ్జర్వేటరీలో భూకంపాలు కొలిచే పరికరం మీద కూడా అది నమోదైంది.

కాబట్టి మీరు ఏ దారి ఎంచుకున్నా, షోర్ ట్రైల్ ఉత్తరపు చివర జెయింట్ స్టెయిర్స్ అనే చోటికి మాత్రం గ్రూపుని తీసుకెళ్లకండి. అక్కడ దారి అంటూ ఉండదు, పడిన బండల మీద చేతులు ఆన్చుకుంటూ దాటాలి. మ్యాపులో నది ఒడ్డు దారే కదా, చదునుగా ఉంటుందిలే అనుకుని వెళ్లిపోతారు.

వేపచెట్టు
నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. ఇలాంటి అడవుల్లో కొంత భాగం అసలు జనం లేకుండా ఉండాలి. అదే కొండ మీద గ్రీన్‌బ్రూక్ శాంక్చువరీ అనే రక్షిత అడవి ఉంది, 165 ఎకరాలు, సభ్యులకు మాత్రమే ప్రవేశం. 1940ల నుంచి అలాగే కాపాడుతున్నారు కాబట్టే ఇంత పెద్ద నగరం పక్కన అంత అడవి మిగిలింది. స్టేట్ లైన్ దగ్గర కొండ ముఖం మీద పెరిగ్రిన్ డేగలు గూడు పెడతాయి. డీడీటీ అనే పురుగుమందు వాడకం వల్ల గుడ్ల పెంకులు పలచబడి ఆ డేగలు ఈ కొండల మీద ఒకప్పుడు పూర్తిగా లేకుండా పోయాయి. 1972లో ఆ మందుని నిషేధించాక, చాలా ఏళ్లకి గానీ తిరిగి రాలేదు. గూడు పెట్టే వసంత కాలంలో కొండ అంచున 40 మంది కేకలు వేస్తూ సెల్ఫీలు దిగడం అవసరమా?

ఎడిసన్_అక్క
వేపచెట్టు గారూ, డేగల మాట ఒప్పుకుంటాను, అది నాకు తోచలేదు. కానీ ఈ కొండ ఎలా మిగిలిందో కూడా చెప్పుకోవాలి కదా. 1890లలో ఈ రాయిని డైనమైట్‌తో పేల్చి, కంకర కొట్టి న్యూయార్క్‌కి పంపేవారు. దాన్ని ఆపమని పట్టుబట్టి పోరాడింది న్యూజెర్సీ మహిళా క్లబ్బుల సమాఖ్య. 1900లో రెండు రాష్ట్రాలు కలిసి పార్కు కమిషన్ పెట్టాయి, ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజే అక్కడి పెద్ద క్వారీలో పేలుళ్లు ఆగాయి. ఆ ఆడవాళ్ల పేరున కొండ మీద చిన్న రాతి కోట కట్టి 1929లో అంకితం చేశారు. లాంగ్ పాత్ దాని పక్కనుంచే వెళ్తుంది. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ గోడ మీద చెయ్యి పెట్టి వస్తాను.

కొండ మీది స్థలాలు కూడా ఒకప్పుడు కోటీశ్వరుల బంగళాలవే. వాటిని కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ కొని 1930లలో పార్కుకి ఇచ్చాడు. ఇప్పటికీ దారి పక్కన పాత బంగళా పునాదులు కనిపిస్తాయి. అంత కష్టపడి జనానికి దక్కినదాన్ని మళ్లీ కొద్దిమందికే అంటే నాకు మనసొప్పదు.

బావి_గట్టు
నాది మధ్య మాట కాదు, జరిగిన సంగతి. వేరే పార్కులో, నది పక్క కొండ దారిలోనే, మేం 25 మందిమి వెళ్లాం. నిర్వాహకుడు ముందు పరుగెత్తాడు. వెనక ఎవరూ లేరు. మా తోడల్లుడు తడి ఆకుల కింద వేరు తగిలి పడ్డాడు, మడమ విరిగింది. ముందు వెళ్లినవాళ్లకి గంటన్నర దాకా తెలియదు, అందరూ వచ్చారా అని లెక్కపెట్టినవాడే లేడు. ఫోన్ సిగ్నల్ లేదు. చివరికి కుక్కతో వాకింగ్‌కి వచ్చిన ఒక ముసలాయన చూసి సాయం పిలిచాడు. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు.

తర్వాత మేం వేలెత్తి చూపాల్సింది అడవిని కాదు, మమ్మల్నే. 40 మందికి దారి వెతికే ముందు చివర ఎవరుంటారో తేల్చండి.

ఇంకొకటి, పిడుదులు (టిక్స్), చర్మానికి అతుక్కుని రక్తం తాగే చిన్న పురుగులు. లైమ్ జబ్బు తెచ్చే పిల్ల పిడుదు గసగసం గింజంత ఉంటుంది. పరుగు అయ్యాక మోకాలి వెనక, నడుము దగ్గర, చెవుల వెనక చేత్తో తడిమి చూసుకోవాలి. అతుక్కున్న రోజే తీసేస్తే జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. గుంపుగా వెళ్లి పక్క గడ్డిలోకి దిగేవాళ్లకే ఇవి ఎక్కువ పడతాయి.

నీలిగుర్తు
ఎడిసన్ అక్కా, మీరు ఏడ్చిన చోటు నాకు తెలుసు, నేనూ అక్కడ ఆగుతాను. మిమ్మల్ని రావద్దనడం నా ఉద్దేశం కాదు. అలా వినిపించి ఉంటే క్షమించండి.

నేను చెప్పేది ఇదీ. 40 మందితో కబుర్లు చెప్పుకుంటూ చేసే లాంగ్ రన్‌కి డెలావేర్ అండ్ రారిటన్ కాలువ గట్టు ఉంది. సుమారు 70 మైళ్ల పార్కు, చదునైన దారి, చెట్ల నీడ, పక్కన నీళ్లు, ఇద్దరు పక్కపక్కనే పరుగెత్తొచ్చు. ఎడిసన్, ప్రిన్స్‌టన్ వాళ్లకి దగ్గర కూడా. పాలిసేడ్స్‌కే రావాలంటే షోర్ ట్రైల్ దక్షిణ భాగంలో, ఎంగిల్‌వుడ్ పిక్నిక్ ఏరియా వైపు, చాలా మటుకు చదునుగా ఉంటుంది. లాంగ్ పాత్‌కి ఐదుగురు, మించితే ఆరుగురు. వాన పడిన మర్నాడు వద్దు. బురద వస్తే బురదలోంచే వెళ్లాలి, పక్కకి దిగకూడదు. ఎదురుగా నడిచేవాళ్లు వస్తే పరుగు ఆపి నడవాలి. కంచె లేని అంచుల దగ్గర కూడా నడవాలి.

శనివారం_పరుగు
అందరికీ థాంక్స్. బావి గట్టు గారి పోస్టు గ్రూపులో చదివి వినిపించాను, అంతా కాసేపు మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే చివర ఎవరుండాలో మేం అనుకోనే లేదు.

వచ్చే నెల లాంగ్ రన్ కాలువ గట్టుకి మార్చాం. లాంగ్ పాత్‌కి ఆరుగురు చొప్పున, వేర్వేరు వారాల్లో, ప్రతి జట్టుకీ ఆ దారి తెలిసినవాళ్లు ఒకరు ముందు, ఒకరు చివర. కొంతమందికి నచ్చలేదు. అందరం కలిసి కొండ మీద ఫోటో దిగాలని వాళ్ల ఆశ.

వేపచెట్టు
ఆరేసి మంది ఏడు వారాలు వెళ్లినా మొత్తం 40 మందే కదా తొక్కేది? నాకు ఇంకా సందేహమే.

నీలిగుర్తు
అడుగుల లెక్క ఒకటే గానీ ఆరుగురు వరసగా దారిలోనే సరిపోతారు, పక్కకి దిగాల్సిన పని ఉండదు. అయినా మీ ప్రశ్న తీసిపారేసేది కాదు. వసంతంలో స్టేట్ లైన్ దాకా కాకుండా రాతి కోట దగ్గరే వెనక్కి తిరిగితే డేగల గూళ్ల జోలికి పోనక్కర్లేదు.

ఎడిసన్_అక్క
కోట దగ్గర తిరగడం నాకు సమ్మతమే. మొదటి జట్టులో నా పేరు రాయండి తమ్ముడూ, చివర నేనుంటాను. నీలిగుర్తు గారూ, దారి బాగుచేయడానికి మీరు ఈసారి ఎప్పుడు వెళ్తున్నారు? గడ్డపార పట్టడం నాకు చేతనవును, మాది వ్యవసాయ కుటుంబం.