ఓపెన్ యాక్సెస్‌లో కరెంటు కొంటే నిజంగా లాభమా?

నమస్కారం. హనుమకొండ దగ్గర మాకు చిన్న రైస్ మిల్లు ఉంది. ఓపెన్ యాక్సెస్ అంటే మామూలు పంపిణీ సంస్థ దగ్గర కాకుండా, దాని తీగల మీదుగానే మనకు నచ్చిన అమ్మకందారు దగ్గర కరెంటు కొనడం. ఇలా కరెంటు అమ్మకంలో పోటీ వస్తే రేటు దిగుతుందని తోటి మిల్లర్లు అంటున్నారు. నమ్మాలనే ఉంది, కానీ చదివే కొద్దీ భయం పెరుగుతోంది.

టెక్సాస్‌లో 2002 నుంచి చాలా ప్రాంతాల్లో వినియోగదారులే సరఫరాదారును ఎంచుకుంటున్నారు. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చినప్పుడు టోకు ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరి, రోజుల తరబడి దిగలేదు. టోకు ధరకు ముడిపడిన ప్లాన్లు తీసుకున్న ఇళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. కాలిఫోర్నియాలోనైతే 2000-01లో వ్యాపారులు కావాలనే కొరత సృష్టించారు. ఇలాంటివి చూశాక పోటీ ఒక్కటే చాలదని, గట్టి నియంత్రణ సంస్థ ఉండాలని నాకు అనిపిస్తోంది.

మన దగ్గర ఓపెన్ యాక్సెస్‌కు 2003 విద్యుత్ చట్టం దారి తెరిచింది. 2022 నిబంధనలతో 100 కిలోవాట్ల లోడు ఉన్నవారు కూడా సౌర, పవన విద్యుత్తును నేరుగా కొనవచ్చు. కానీ వీలింగ్ ఛార్జీలు (తీగలు వాడుకున్నందుకు కట్టేవి), క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ (తక్కువ రేటు వినియోగదారుల భారం కోసం పెద్ద వినియోగదారులు బయట కొన్నా కట్టేది) కలిపాక మిగిలేది ఎంత?

ఇంకో దిగులు కూడా ఉంది. ఎక్కువ రేటు కట్టే పెద్ద వినియోగదారులు బయటికి వెళ్లిపోతే, పంపుసెట్లకు ఇచ్చే ఉచిత విద్యుత్ భారం ఎవరి మీద పడుతుంది? మాకు వడ్లు తెచ్చే రైతుల బోర్లు నడిచేది ఆ కరెంటుతోనే.

ఓపెన్ యాక్సెస్‌లో కొన్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: అన్నీ కలిపి యూనిట్‌కు ఎంత పడింది? రాత్రి మిల్లు ఆడించినప్పుడు లెక్క ఎలా కట్టారు? సరఫరా ఆగితే ఎవరు బాధ్యత తీసుకున్నారు?